చక్రాలు లేని రైలు

నేను కాపురానికి వచ్చిన మొదటి రోజే మా ఆడబిడ్డ రామాంజినమ్మ నన్ను పరీక్షకు కూర్చోబెట్టింది. మీ ఊళ్లో బావి గుండ్రమా చదరమా, గార్లదిన్నె స్టేషన్లో రైలు ఎంతసేపు ఆగుతుంది, బస్సులోంచి చూస్తే చెట్లు నిజంగానే వెనక్కి పరిగెత్తుతాయా అని ఒకటే అడగడం. అత్తగారింట్లో సారె గురించి అడుగుతారని మా అమ్మ చెప్పి పంపింది గానీ, బావి గురించి అడుగుతారని చెప్పలేదు. "చదరమే" అన్నాను. "ఎన్ని మెట్లు?" అంది. పుట్టి పెరిగిన ఊరి బావికి ఎన్ని మెట్లున్నాయో నాకు తెలియదని ఆ రోజే తెలిసింది.

అది డెబ్బై నాలుగో సంవత్సరం. ఊరు ధర్మవరం, వీధి మగ్గాల వీధి. రామాంజినమ్మకు అప్పటికి ఇరవై దాటాయి. పసిపిల్లగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. అరచేతులు నేలకు ఆనించి, ఒళ్లు పైకెత్తి, వెనక్కి వెనక్కి జరుగుతూ ఇల్లంతా తిరిగేది. గడపలు కూడా అలాగే దాటేది. ఎవరైనా ఎత్తుకోబోతే మాత్రం కసిరేది. పదేళ్లప్పుడు ఎడ్లబండి కట్టుకుని, దిగినచోటల్లా ఆమెను వీపున వేసుకుని లేపాక్షికి తీసుకుపోయారట. నంది దగ్గర నీడలో కూర్చోబెట్టి అందరూ నీళ్లకని పోతే, యాత్రకు వచ్చిన ఒకావిడ ఆమె ఒళ్లో అరటిపండు పెట్టి, పాపం అనుకుంటూ పోయింది. ఆ పండు ఆమె తినలేదు. ఇంటిదాకా తెచ్చి ఎదురింటి ఆవుకు పెట్టింది. ఆ తర్వాత ఎవరి వీపూ ఎక్కలేదు, వీధి దాటి ఎక్కడికీ పోలేదు. అందుకే ఇంటికి వచ్చిన ప్రతి మనిషినీ నిలబెట్టి అడిగేది.

అందరికంటే ఎక్కువ అడిగింది వాళ్ల అన్నను. అంటే మా ఆయన శ్రీరంగప్పను. మాది గుంటమగ్గం. ఆయన గుంటలో కాళ్లు దించి కూర్చుని నేసేవాడు. పట్టుచీరకు అంచు వేరే రంగైతే ఆ పక్క నుంచి అడ్డపోగు తీసే నాడె విసరడానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి రామాంజినమ్మ. కొంగులో, అంచులో వచ్చే బొమ్మలను గళ్ల కాగితం మీద దించేది కూడా ఆమే. పొద్దున మొదలుకొని దీపాలు పెట్టేదాకా అన్నాచెల్లెళ్లు పక్కపక్కనే. చేతులు పని చేస్తుంటే నోళ్లు ఊరికే ఉంటాయా?

మగ్గం సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. మా మగ్గం మీద చీర బోర్లా ఉంటుంది. ముఖం నేలవైపు, వెనకవైపు మనకు. బొమ్మ సరిగ్గా పడిందా లేదా చూసుకోవాలంటే చీర కిందికి ఒక అద్దం ముక్క పట్టాలి. అరచేతిలో పట్టే ఆ అద్దం రామాంజినమ్మ బొడ్లో సంచిలో ఎప్పుడూ ఉండేది. అన్న "ఏది చూడు" అనగానే తీసి కిందికి పెట్టి, "బాగుండాది, కానియ్యి" అనేది. జానెడు జానెడు చూసుకుంటూ పోవడమే తప్ప, చీర మగ్గం దిగేదాకా మొత్తం ముఖం ఎవరికీ కనపడదు.

ఇక గాలిబండ. మా ఊరికి దక్షిణాన, పెనుకొండ దారిలో ఉన్న కొండ. పైన ఆంజనేయస్వామి గుడి. శ్రావణ శనివారం మగ్గాల వీధి మొత్తం నడిచిపోయి కొండెక్కేది. రామాంజినమ్మ ఒక్కతే ఇంట్లో ఉండి, సాయంత్రానికి వాకిట్లో కూర్చుని అన్న కోసం ఎదురు చూసేది. "పైనుంచి ఏం కనపడింది?" ఆమెకు ప్రసాదం కంటే అది ముఖ్యం.

మా ఆయన చెప్పేవాడు. మంచి మాటకారి. "రైలు పోతాంటే చక్రాలు ఎండకు తళతళా మెరుస్తాండాయి మ్మే. గొర్రెలు కాళ్లు ఎగరేసుకుంటా చెరువు కట్ట మీద పోతాండాయి. చింతచెట్ల మొదళ్లు ఉండాయే, ఇద్దరు పట్టుకున్న్యా అందవు." ఇలా నెల రోజులకు సరిపడా చెప్పేవాడు. ఆమె నాడె విసురుతూ అడిగిందే అడిగేది. రైలు ఏ పక్క నుంచి వస్తుంది? పొగ ఎటు పోతుంది? గొర్రెల కాపరి తలకు ఏం చుట్టుకున్నాడు? ఆయన దేనికీ తడుముకునేవాడు కాదు. వీధిలో మిగతావాళ్లను అడిగితే దండం పెట్టుకుని దిగామనేవాళ్లే తప్ప ఇంకేం చెప్పేవాళ్లు కాదు.

పెళ్లయిన మొదటి శ్రావణంలో నేనూ పోయాను. కొండ కింద చెప్పులు విడిచి అందరం ఎక్కాం. పైకి పోయి చూసుకుంటే మా ఆయన లేడు. దిగొచ్చాను. చెప్పుల గుట్ట పక్కన, బండ నీడలో కూర్చుని బొరుగులు తింటున్నాడు. ఎందుకు రాలేదంటే చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతారన్నాడు. దేవుడి కొండ దగ్గర మన తెగిన చెప్పులు ఎవరికి కావాలి అని నేను పట్టు పట్టేసరికి అసలు సంగతి బయటపడింది. పన్నెండేళ్లప్పుడు సగం కొండ ఎక్కి వెనక్కి తిరిగి చూశాడట. నేల గిర్రున తిరిగిందట. అక్కడి నుంచి బోర్లా పడుకుని పాక్కుంటూ దిగాడట. ఆ సాయంత్రం వాకిట్లో చెల్లెలు "పైన ఏముండాది?" అని అడిగితే, లేదు, నేను ఎక్కలేదు అనడానికి నోరు రాలేదు. ఎక్కడానికి కాళ్లున్నవాడు, కాళ్లు లేని పిల్లకు ఆ మాట ఎలా చెబుతాడు? కింద కనపడినవే చెప్పాడు. మరుసటి ఏడూ అంతే. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈయనది అతికీ అతికీ ఊడదీయడానికి వీల్లేనంత గట్టిపడింది.

"దానికి చెప్పొద్దే ఈశ్వరీ" అన్నాడు నాతో. "అది నా మాట మీదనే లోకం చూస్తాండాది. ఇది అబద్ధమని తెలిసిందంటే ఇంక నేను చెప్పిందేదీ నమ్మదు." నాకు కోపం వచ్చింది గానీ ఆ సాయంత్రం ఆయన చెబుతుంటే ఆమె ముఖం చూశాను. నోరు మూసుకున్నాను.

అది అక్కడితో ఆగినా బాగుండేది. డెబ్బై తొమ్మిదిలో రామాంజినమ్మ ఆ మాటలన్నీ గళ్ల కాగితం మీద దించింది. కొంగు కింది వరసలో రైలు, పెట్టెకు నాలుగేసి చక్రాలు. దాని మీద చెరువు కట్ట, కాళ్లెత్తిన గొర్రెలు. పైన మొదళ్లు కనపడే చింతచెట్లు. అన్న నేశాడు. బజారులో పట్టుచీరల అంగడి రామకృష్ణయ్య దాన్ని చూసి, "ఇదేం బొమ్మప్పా, కొత్తగుండాదే" అన్నాడు. "గాలిబండ మీదనుంచి మా అన్న చూసింది" అని రామాంజినమ్మ కబురు పంపింది. ఆయన ఆ మాటే చెప్పుకుని అమ్మాడు. చక్రాల చీర అని పేరు పడింది. ఇంకా కావాలన్నాడు. మా ఆయన తేలు కుట్టిన దొంగలా ఒక్క మాట మాట్లాడకుండా చీర మీద చీర నేశాడు.

ఎనభై రెండులో ప్రభుత్వం వాళ్లు రామాంజినమ్మకు చేత్తో తిప్పే మూడు చక్రాల బండి ఇచ్చారు. వారం తిరక్కుండా ఆమె ధర్మవరం మొత్తం చూసేసింది. స్టేషన్, చెరువు, కూరగాయల మార్కెట్టు. అప్పటిదాకా విన్నవన్నీ వరసపెట్టి సరిచూసుకుంది. కూరగాయల మార్కెట్టు గురించి నేను చెప్పినదాంట్లో రెండు తప్పులు పట్టుకుంది. మా ఆయనకు అన్నం సయించడం మానేసింది అప్పటి నుంచే.

మరుసటి ఏడు పిడుగులాంటి కబురు మోసుకొచ్చింది పక్కింటి భద్రమ్మ. గాలిబండ మీద పార్కు చేశారు, ఆదివారాలు పైదాకా బస్సు పోతోంది, బస్సు దిగినచోటి నుంచి కొండ అంచుదాకా చదునుగా సిమెంటు బాట వేశారు, ఒక్క మెట్టు లేదు అని. రామాంజినమ్మ చేతిలో నాడె ఆగిపోయింది.

"ఒక్క మెట్టు గూడా లేదా?"

"లేదు. గడప గూడా లేదు."

"అన్నా, ఆదివారం పోదాం. నువ్వు చెప్పినవన్నీ నాకు చేయి పెట్టి చూపీయల్ల."

ఆ వారమంతా మా ఆయన పడిన పాట్లు చూడాలి. కొండ మీద తేనెటీగలు రేగాయన్నాడు. గాలికి మనుషులు ఎగిరిపోతున్నారన్నాడు. బస్సు డ్రైవరు తాగుతాడన్నాడు. ఆమె అన్నింటికీ "ఔనా? తేనెటీగలు యాడ కట్టినాయి, బండకా, చెట్టుకా?" అని ఇంకా ఉత్సాహంగా అడిగింది. చివరికి నా కాళ్లావేళ్లా పడ్డాడు, నువ్వు తీసుకుపో, నాకు జ్వరమని చెప్పు అని. "నేను పోను. అబద్ధం నీది, మోయాల్సింది నువ్వే" అన్నాను. "పోనీ ముందే చెప్పేసెయ్" అని కూడా అన్నాను. శనివారం ఆమె దగ్గరికి పోయి కూర్చున్నాడు. మింగలేక, కక్కలేక కాసేపు ఉండి, "దోవలోకి చిత్రాన్నం చేపిద్దామా?" అని అడిగి లేచి వచ్చాడు.

ఆదివారం పోయాం. బస్సు మెట్లు ఆమె వెనక్కి తిరిగి కూర్చుని, చేతుల మీదే ఎక్కింది. బండిని టాపు మీద కట్టారు. కొండదారి మొదలయ్యాక ఆమె కిటికీకి అతుక్కుపోయింది. మా ఆయన నడిమధ్య కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పక్కనున్న పెద్దాయన "భక్తి బాగుండాది" అన్నాడు.

పైన కాపలాదారు బయ్యన్న బండిని చూసి ఎదురొచ్చాడు. ఆ బాట కథ ఆయనే చెప్పాడు. పార్కు తెరవడానికి ఎవరో పెద్దమనిషి రావాల్సి ఉండిందట. ఆయనకు మోకాళ్ల నొప్పులు. మెట్లుంటే రానన్నాడని రాత్రింబగళ్లు కష్టపడి చదును చేశారట. "ఆయప్ప రాలేదు. ఇంగెవురి కోసం ఏసినామో అనుకుంటాంటి. పోమ్మా, నీకే ఏసినట్టుండాది" అన్నాడు.

బాట నిజంగానే అరచేయంత నున్నగా ఉంది. ఆ చివర కొండ అంచున, బాటతో సమంగా గుండ్రటి అరుగు, దాని చుట్టూ మూరెడు గోడ, గోడ మీద ఇనుప కమ్మీలు. కూర్చున్నవాళ్లకు కూడా కమ్మీల మధ్య నుంచి అంతా కనపడుతుంది. రామాంజినమ్మ పిడులు తిప్పుకుంటూ ఎవరి సాయం లేకుండా పోయింది. నేను పక్కన నడిచాను. మా ఆయన అరుగు మొదట్లోనే ఒక సిమెంటు బెంచీ చూసుకుని, దాని మీద కాదు, దాన్ని ఆనుకుని నేల మీద, కొండకు ముఖం పెట్టి కూర్చున్నాడు.

ఆమె కమ్మీలు పట్టుకుని ముందుకు వంగింది. కింద నేల ఎంత దూరం పోతే అంత దూరం పరుచుకుని ఉంది. ఎర్రచేలు, బూడిదరంగు బండలు, వేరుశనగ వేసిన చోట మాత్రం పలచటి పచ్చదనం. చెరువులో నీళ్లు లేవు, నడిమధ్య తడి మచ్చ ఒకటి. ఆ ఏడు కూడా వాన మాకు మొండిచేయే చూపింది.

"వదినా, ఆ తెల్లగ చల్లినట్టుండేవి ఏంటివి?"

"గొర్రెలు."

"కదులుతాండాయి. కాళ్లు యాడ?"

నేను రోడ్డు వైపు చూశాను.

"చింతచెట్లు యాడ?"

చూపించాను. రోడ్డు వెంబడి పచ్చటి చుక్కలు.

"మొదళ్లు లేవే" అంది. అప్పుడే పెనుకొండ వైపు నుంచి రైలు వచ్చింది. నల్లటి దారం పోగు నేల మీద ఎవరో లాగుతున్నట్టు పోయింది. పైన పొగ, కింద పెట్టెల కప్పులు. అంతే. రైలు కనుమరుగయ్యేదాకా చూసి, బండిని వెనక్కి తిప్పింది. బెంచీ దగ్గర గడ్డి పీకుతూ కూర్చున్న అన్నను చూసింది.

"అన్నా, చక్రాలు యాడ ఉండాయి?"

ఆయన ఇంకో గడ్డిపోచ పీకాడు.

"నువ్వు ఎన్నడూ ఎక్కల్యా గదా?"

"ఎక్కల్యా" అన్నాడు. ఇంత పెద్ద మనిషి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పన్నెండేళ్లప్పటి సంగతి, పాక్కుంటూ దిగింది, చెప్పుల కాడ కూర్చున్నది, అన్నీ ఎక్కిళ్ల మధ్య చెప్పాడు. "నీకు కాళ్లు లేవు, నాకు ఉండీ ఎక్కలేకపోతి. ఆ మాట నీతో ఎట్ల చెప్పల్ల మ్మే?"

ఆమెకు కోపం వచ్చింది. ముఖం ఎర్రబడింది. అంత కోపం నేను ఆమెలో ఎప్పుడూ చూడలేదు. "అబద్ధం చెప్పినావని కాదు. నా భయాలన్నీ నీకు చెప్పుకున్న్యా. లేపాక్షిలో అరటిపండు సంగతి నాయనకు గూడా చెప్పల్యా, నీకే చెప్పినా. నీకు ఒక్క భయముంటే నాకు చెప్పగూడదా? నాకు కాళ్లు లేవు గాని చెవులు ఉండాయి గదా."

గాలి పేరుకు తగ్గట్టు వీస్తోంది. ఇంక వీళ్లిద్దరి మధ్య మగ్గం నడిచినట్టే అనుకున్నాను. కానీ రామాంజినమ్మ కోపం ఎంత పెద్దదైనా ఆమె కుతూహలం ముందు నిలబడలేదు. కాసేపటికి బండి ఇంకొంచెం దగ్గరికి తెచ్చి అడిగింది.

"అయితే ఆ చింతచెట్లు యాడివి?"

"కొండ కిందివి. చెప్పుల కాడివి."

"గొర్రెలోడు తలకు ఎర్రగుడ్డ చుట్టుకుండాడంటివే?"

"వాడు నిజమే. నా పక్కనే కూర్చుని బీడీ తాగినాడు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, కాలేదు. "కిందుండేవాడు చెప్పినాడు, నేల మీదుండేది నమ్మింది. నేను గూడా ఎప్పుడూ కాళ్లు, చక్రాలు, మొదళ్లే గదా చూసింది. ఇద్దరం కలిసి దునియా మొత్తం బోర్లా నేస్తిమి." తర్వాత నవ్వు ఆగిపోయి, అన్నను పరీక్షగా చూసింది. "అంటే నువ్వు గూడా ఇంతవరకు చూడల్యా. అంతేనా?"

"ల్యా."

"చూస్తావా?"

"నా చేత కాదు మ్మే. తల తిరుగుతాది."

ఆమె బొడ్లో సంచిలోంచి అద్దం తీసింది. "తిరిగి చూడొద్దు. కొండకే ముఖం పెట్టుకో. నా మాదిరి జరుగు."

ఆయనకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. అరచేతులు నేలకు ఆనించు, ఒళ్లు ఎత్తు, వెనక్కి జరుగు. చూపు ముందుకే పెట్టు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తాను చేసే పనిని అన్నకు పాఠం చెప్పినట్టు చెప్పింది. ఆయన నా వైపు చూశాడు. "చూస్తావేం, జరుగు" అన్నాను. జరిగాడు. కొంచెం జరిగి ఆగడం, నేలను అదిమి పట్టుకోవడం, మళ్లీ జరగడం. "చేతులు ఇంగ వెడల్పుగ పెట్టు, లేకుంటే మణికట్లు నొస్తాయి" అని ఆమె పక్కన బండి నడుపుతూ చెబుతూనే ఉంది. పార్కుకు వచ్చినవాళ్లు నిలబడి చూశారు. నేను వాళ్ల వైపు ఒక చూపు చూసేసరికి ఎవరి దారిన వాళ్లు పోయారు. చివరికి ఆయన వీపు మూరెడు గోడకు తగిలింది. ఒళ్లంతా చెమట.

ఆమె అద్దం చేతికిచ్చింది. "పైకి పట్టు. చీర కింద చూసినట్టే చూడు. జానెడే కనపడుతాది, అంతకంటే ఎక్కువ చూడొద్దు."

ఆయన అద్దం భుజం మీదికి ఎత్తి, మెల్లగా వంచాడు. మొదట ఆకాశం, తర్వాత దూరపు గుట్టలు, తర్వాత నేల. కళ్లు మూసుకుంటాడని అనుకున్నాను. మూసుకోలేదు. అద్దాన్ని కొంచెం కొంచెం జరుపుతూ జానెడు జానెడుగా ఆ నేలంతా చూశాడు.

రామాంజినమ్మ బండి ఆయన పక్కనే ఆపుకుని, ఎప్పుడూ అడిగినట్టే అడిగింది. "చెప్పన్నా. ఏం కనపడుతాండాది?"

"చెరువులో నీళ్లు లేవు మ్మే" అన్నాడు. "గొర్రెలు బొరుగులు చల్లినట్టు ఉండాయి. కాళ్లు కనపడవు."

"నిజమే" అంది ఆమె. "ఇంగా చెప్పు."

సాయంత్రం బస్సు దాకా ఆయన చెబుతూనే ఉన్నాడు. తాను కళ్లారా చూస్తున్నవే అయినా ఆమె మొదటిసారి విన్నట్టు విన్నది.

ఆ నెలలోనే కొత్త కొంగు గళ్ల కాగితం ఎక్కింది. ఎర్రని నేల మీద తెల్లటి చుక్కలు, పచ్చటి చుక్కలు, అడ్డంగా సన్నని నల్లగీత, దాని మీద పొగ. పక్కింటి భద్రమ్మకు ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం దాన్ని చూస్తే ఆ అరుగు మీద నిలబడినట్టే ఉండేది.

చీర పట్టుకుని అంగడికి మా ఆయనా నేనూ పోయాం. రామకృష్ణయ్య కొంగు పరిచి, కళ్లద్దాలు సవరించుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేమప్పా శ్రీరంగప్పా, ఇది రైలేనా? చక్రాలు మర్చిపోతివే."

మా ఆయన ఎప్పుడూ ఆ అంగట్లో గాలిబండ మాట వస్తే తల వంచుకునేవాడు. ఆ రోజు వంచుకోలేదు.

"మర్చిపోల్యా అన్నా. పైనుంచి చక్రాలు కనపడవు" అన్నాడు. "నేను చూసినా."